మూడో దెబ్బకు నీళ్లు

తార్తులో జనవరి. మూడున్నరకే దీపం.
నిఘంటు కార్యాలయం రెండో అంతస్తు,
చెప్పుల డబ్బాల్లో లక్షా పదివేల చీటీలు.
ఒక్కో చీటీ మీద ఒక్కో మాట,
దీవుల్లో, బురదనేలల్లో, పడవల్లో
ఎవరో అన్నది, ఎవరో విని రాసుకున్నది.

వాటిని యంత్రానికి అప్పజెప్పడం నా పని.
మొదటి రోజే హిల్యాతో పేచీ.

నలభై ఏళ్లు మాటల్ని అచ్చుకు పంపిన మనిషి ఆమె.
ప్రతి చీటీ అంచునా ఎర్ర పెన్సిల్:
ఇది లావు చెయ్యి. ఇది వాల్చు.
ఇక్కడ గీత కొట్టు. ఇక్కడితో పేజీ తిప్పు.
కంపోజిటర్ పోయి పదేళ్లయినా
ఆ ఎర్ర గొంతు ఇంకా పురమాయిస్తూనే ఉంది
ఖాళీ గదికి.

"వాల్చు" అంటే ఏమిటి హిల్యా, అన్నాను.
యాస మాటనా? లాటిన్ పేరా? నీ అనుమానమా?
మూడింటికీ ఒకటే వాలు.
"కంటికి తెలుస్తుందిగా," అంది.

ఎండెల్‌కి చూపు లేదు.
వాల్గాలో పియానోలు శ్రుతి చేస్తాడు,
మా నిఘంటువును చెవితో చదువుతాడు.
ఒక సాయంత్రం యంత్రం అతనికి
మాట చదివి, అర్థం చదివి,
"వాల్చు" అని కూడా చదివింది.
ఫోన్ చేశాడు:
దేన్ని వాల్చాలమ్మా, పియానోనా?

ఆ రోజు నేను గెలిచాను.
ఎర్ర పెన్సిలంతా తుడిచి
ఉన్నది ఉన్నట్టు రాశాను.
ఇది చేప పేరు. ఇది ముసలమ్మల మాట.
అన్నది ఫలానా మనిషి, ఫలానా రేవులో.
అంతే. ఏం చేసుకుంటారో వాళ్లిష్టం.
అచ్చువేసేవాడు వాల్చుకుంటాడు,
చదివి వినిపించేది గొంతు తగ్గించుకుంటుంది,
యాభై ఏళ్లకు వచ్చేదేదో
మన ఊహకందని పనేదో చేసుకుంటుంది.
కాగితం కబురు మోయాలి, కర్ర పట్టుకోకూడదు
అని గోడకు కూడా అంటించాను, సిగ్గు లేకుండా.

హిల్యా అది చదివి అంది:
"గళ్లు గీసింది నువ్వే కదా.
ఇందులో కూర్చో అనడం పురమాయింపు కాదూ?"
జవాబు చెప్పలేదు. కాఫీ పోసుకున్నాను.

మార్చిలో మంచు మాటలొచ్చాయి.
గుర్రాన్ని మోసే మంచు. పిల్లిని మాత్రమే మోసే మంచు.
గాలికి కొట్టుకొచ్చి గట్టున గుట్టపడిన మంచు.
అన్నీ బుద్ధిగా గళ్లలో కూర్చున్నాయి.

అప్పుడు ఆ చీటీ.
చెప్పినవాడు మిహ్కెల్, సీలు వేటగాడు.
రాసుకున్నది బడిపంతులు ఓస్కర్ పిహ్ల్,
సారెమా పడమటి ఒడ్డున, చలికి వంకర్లు పోయిన రాతలో.
మాట ఉంది. దాని ఎదురుగా అర్థం:

కర్రతో మూడుసార్లు కొట్టు.
మూడో దెబ్బకు నీళ్లొస్తే
వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడువు.
పరుగెత్తకు.
ఎవరినీ పిలవకు.

నామవాచకం కింద అంతా విధ్యర్థకమే.

సరిదిద్దబోయాను:
"మూడు దెబ్బలకు చెమర్చే పలుచని మంచు."
తప్పేం లేదు, ఉన్నది ఉన్నట్టే.
కానీ ఆ వాక్యం మీద నిలబడితే
కింద నీళ్ల చప్పుడు లేదు.
సాయానికి వచ్చేవాడి బరువు లేదు.

హిల్యా కోటు తొడుక్కుని వెనక నిలబడింది.
ఇప్పుడు గెలుస్తుంది అనుకున్నాను.
"అది కంపోజిటర్‌కి చెప్పింది కాదు," అంది.
"నీ యంత్రానికీ కాదు.
కొట్టు అని మిహ్కెల్ అన్నాడు. అన్నాడన్నది నిజం.
ఆ నిజాన్ని రాయి."
బొత్తాలు పెట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

రాశాను. అర్థం గడిలోనే, అతని మాటల్లోనే.
గోడ మీది కాగితం మాత్రం తీయలేదు.

ఎండెల్ ఆ వారమే విన్నాడు.
ఫోన్‌లో చాలాసేపు ఊపిరి.
తర్వాత బల్ల మీద వేలితో
ఒకటి.
రెండు.
మూడోది కొట్టలేదు.